పిల్లల్ని స్పోర్ట్స్ క్యాంపుకి, కోచింగ్‌కి పంపే ముందు ఏమేం అడగాలి?

నీలిగొడుగు

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు తొమ్మిదేళ్లు. సెలవుల్లో రెండు వారాల క్యాంపుకి వెళ్తానని పట్టుబట్టింది. రాత్రుళ్లు కూడా అక్కడే ఉండాలి. ఈత, ట్రెక్కింగ్, రకరకాల ఆటలు ఉంటాయట. బాబుకు పన్నెండు నిండలేదు, ఫాస్ట్ బౌలింగ్ అంటే ప్రాణం. అకాడమీ కోచ్ గారు "వీడిలో సరుకుంది, ఫుట్‌బాల్ మానిపించి వారానికి ఆరు రోజులు ఇటే పంపండి" అన్నారు. మావారు సంబరపడిపోతున్నారు. నాకే మనసొప్పడం లేదు.

రెండు చోట్ల బ్రోచర్లూ తిరగేశాను. కప్పులు, పతకాలు, నవ్వుతున్న పిల్లల ఫోటోలు. పిల్లకు దెబ్బ తగిలితే ఏం చేస్తారో, రాత్రి గదుల దగ్గర ఎవరుంటారో ఒక్క ముక్క లేదు. ఫోన్ చేసి "సేఫ్టీ ఎలా ఉంటుందండీ" అంటే "అంతా మేం చూసుకుంటాం మేడమ్" అంటారు. ఆ తర్వాత ఇంకేం అడగాలో నాకు తెలియదు. మీరైతే ఏం అడుగుతారు?

గుంపులోగోవింద

"మేం" అంటే ఎవరో పేరు చెప్పమనండి. అందరూ చూసుకుంటారన్న చోట ఎవరూ చూడరు.

పాతస్కోరర్

గోవింద గారి మాటతో సగం పని అయిపోతుంది. మిగతా సగం నేను చెప్తాను, బాబు సంగతి వరకు. చాలా ఏళ్లు పిల్లలకు క్రికెట్ నేర్పాను కాబట్టి ఈ విషయంలో కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

కోచ్ గారిని అడగాల్సింది ఒక్కటే: "మా వాడు వారానికి ఎన్ని బంతులు వేస్తున్నాడు?" అంకె చెప్పగలిగితే మంచి చోటు. "కుర్రాడికి ఓపికున్నంత వరకు" అన్నారంటే అక్కడ లెక్క లేదు. ఇంగ్లండ్ బోర్డు ఏళ్ల తరబడి పాటించిన పరిమితి చూడండి. 13 ఏళ్లలోపు ఫాస్ట్ బౌలర్ ఒక స్పెల్‌లో, అంటే ఒక విడతలో వరసగా, 5 ఓవర్లు, రోజంతా కలిపి 10 ఓవర్లకు మించి వేయకూడదు. 14, 15 ఏళ్ల వాళ్లకు 6, 12. అమెరికాలో బేస్‌బాల్ వాళ్లు 2014లో పిచ్ స్మార్ట్ అని మొదలుపెట్టారు. అందులో 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 బంతులు దాటకూడదు. ఎన్ని విసిరితే ఆ తర్వాత ఎన్ని రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలో కూడా అందులోనే ఉంటుంది.

ఎందుకంటారా? ఫాస్ట్ బౌలింగ్‌లో నడుము ఒక్కసారిగా వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ఎదిగే వయసులో ఇదే పని వందలసార్లు చేస్తే నడుము కింది వెన్నుపూసలో సన్నటి పగులు వస్తుంది. చాలామందికి బంతి వేసే చేతికి అవతలి వైపు నొప్పి పుడుతుంది, వెనక్కి వంగితే ఎక్కువవుతుంది. ఆ వయసు పిల్లాడు నడుం నొప్పి అన్నాడంటే "కండరం పట్టేసిందిలే" అని నూనె రాసి పంపించకండి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. అకాడమీ తన నెట్స్‌లో వేసిన బంతులు లెక్కపెడుతుంది. స్కూల్ టీమ్ మ్యాచ్ ఓవర్లు లెక్కపెడుతుంది. సాయంత్రం స్నేహితులతో వేసినవి ఎవరూ లెక్కపెట్టరు. ఈ మూడూ కలిపేది ఇంట్లో మీరే. ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజూ వాణ్నే రాయమనండి, వాడికీ సరదాగా ఉంటుంది.

మూడోమెట్టు

నేను కొంచెం వేరేగా అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. అన్నీ ఇలా లెక్కలేసుకుంటూ పోతే ఆటగాడు తయారవుతాడా? పెద్ద ఆటగాళ్లు అందరూ చిన్నప్పుడు తెల్లారకముందే గ్రౌండ్‌కి వెళ్లినవాళ్లే. కోచ్ అంతటివాడు పిలిచి "సరుకుంది" అంటే ఆ అవకాశం మళ్లీ మళ్లీ రాదు. మా అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది. వారానికి ఆరు రోజులు. ఏమీ కాలేదు.

తెల్లకోటు

పిల్లల డాక్టర్‌ని. మూడోమెట్టు గారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. జిమ్నాస్టిక్స్, ఫిగర్ స్కేటింగ్ లాంటి కొన్ని ఆటల్లో చిన్నప్పుడే మొదలుపెట్టక తప్పదు. క్రికెట్, ఫుట్‌బాల్, టెన్నిస్ ఆ కోవలోకి రావు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సలహా ఏమిటంటే, ఒకే ఆటకు అంకితం కావడం 15, 16 ఏళ్ల దాకా ఆపగలిగితే మంచిది. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆట నుంచి సెలవు, ఒక్కో నెల చొప్పున విడదీసి ఇచ్చినా సరే. సెలవంటే మంచం మీద పడుకోవడం కాదు, వేరే ఏదైనా ఆడుకోవచ్చు.

మేం తల్లిదండ్రులకు చెప్పే సులువైన కొలత ఒకటుంది. పిల్లాడి వయసు ఎంతో, వారంలో కోచింగ్ గంటలు అంతకు మించకూడదు. పన్నెండేళ్లవాడికి పన్నెండు గంటలు. దాంతోపాటు, పెద్దవాళ్లు ఆడించే ఆట పిల్లలు తమకు తాము ఆడుకునే ఆటకు రెండింతలు దాటితే దెబ్బలు ఎక్కువ కనిపిస్తున్నాయి.

ఫుట్‌బాల్ మానిపించకండి, నీలిగొడుగు గారూ. పరుగెత్తడం, హఠాత్తుగా ఆగడం, ఒంటికాలి మీద తిరగడం అన్నీ వాడికి క్రికెట్‌లో పనికొచ్చేవే. ఒళ్లు ఒకే చోట అరిగిపోకుండా ఉంటుంది. ఫెడరర్ చిన్నప్పుడు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ అన్నీ ఆడినవాడే.

మూడోమెట్టు

ఫెడరర్ లాంటివాళ్లను ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరే. అన్నీ ఆడి ఏమీ కానివాళ్లు ఎంతమందో ఎవరూ చెప్పరు.

గుంపులోగోవింద

ఒక్కటే ఆడి ఏమీ కానివాళ్ల సంగతీ ఎవరూ చెప్పరు కదండీ.

ఉత్తరగాలి

మా పిల్లలు నార్వేలో ఆడుకుంటారు. ఇక్కడ పిల్లల ఆటలకు దేశమంతా ఒకే నియమావళి, 1987 నుంచి ఉంది. 2007లో పిల్లల హక్కులు అని విడిగా రాసి చేర్చారు. పదకొండేళ్ల లోపు వాళ్లకు ర్యాంకుల పట్టికలు ఉండవు. పదమూడేళ్ల లోపు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. ఏ ఆట ఆడాలి, ఎంత ఆడాలి అని చెప్పే హక్కు పిల్లలదే. మొదట్లో నాకు ఇదంతా మెత్తగా అనిపించింది. పోటీ లేకుండా ఏం నేర్చుకుంటారు అనుకున్నాను. తీరా చూస్తే పిల్లలు ఏ మ్యాచ్‌కి ఆ మ్యాచ్ గెలవాలనే ఆడతారు. ఆ స్కోరును ఏడాది పొడవునా మోసుకు తిరగరు, అంతే తేడా. అరకోటి పైచిలుకు జనాభా ఉన్న ఈ దేశం 2018 వింటర్ ఒలింపిక్స్‌లో 39 పతకాలు గెలిచింది.

మూడోమెట్టు

అక్కడ గడప దాటితే మంచు. పైగా వింటర్ ఆటలు ఆడే దేశాలే తక్కువ. పోలిక కుదరదు.

ఉత్తరగాలి

నిజమే, మంచు ఉంది. పతకాలన్నీ ఈ నియమం వల్లే వచ్చాయని నేనూ అనను. పతకాలకు ఈ నియమం అడ్డు రాలేదన్నంత వరకే నా మాట.

పాతస్కోరర్

ఇంకో సంగతి. "సరుకుంది" అన్న మాట పన్నెండేళ్ల పిల్లాడి గురించి విన్నప్పుడు వాడు పుట్టిన నెల అడగండి. ఏజ్ గ్రూప్ కటాఫ్ జనవరి 1 అయితే, జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే ఎత్తు, బలం, బుర్ర అన్నిట్లోనూ తేడానే. కెనడా ఐస్ హాకీలో 1980ల మధ్యలోనే ఇది గమనించారు. మంచి టీముల్లో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టిన పిల్లలు లెక్కకు మించి ఉన్నారు. కోచ్‌లు ప్రతిభ అనుకున్నది చాలాసార్లు పుట్టినరోజే. ముందుగా ఎదిగినవాడు కోచ్ కంట్లో పడతాడు, ఎక్కువ ఆడతాడు, ఎక్కువ నేర్చుకుంటాడు. వెనక పుట్టినవాడు బెంచ్ మీద కూర్చుని ఒకరోజు రావడం మానేస్తాడు.

బెంచ్‌మీదవాడు

నా పేరు చూశారుగా. నేను నవంబర్ :)

నాకు పదహారు. అంకుల్స్, ఆంటీలు అందరూ దెబ్బలు, గంటలు, ఓవర్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒకటి చెప్తాను. మా టీమ్‌లో ఆట మానేసిన వాళ్లు ఎవరూ దెబ్బ తగిలి మానలేదు. మ్యాచ్ అయ్యాక కార్లో ఇంటికెళ్లే దారి తట్టుకోలేక మానేశారు. "ఆ క్యాచ్ ఎలా వదిలేశావురా", "వాడికంటే నువ్వేం తక్కువ, కోచ్ నిన్ను ఎందుకు దించాడు". మేం అప్పటికే ఆ క్యాచ్ గురించే ఆలోచిస్తుంటాం. సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నవాడు ఎక్కడికి పారిపోతాడు?

మా నాన్న మాత్రం "నువ్వు ఆడుతుంటే చూడటం బాగుంటుందిరా" అని రేడియో పెట్టేసేవారు. నేను ఆడింది తక్కువే అయినా అనేవారు. ఇప్పటికీ ఆడుతున్నాను, అంత గొప్పగా ఏం కాదు.

చిటికెనవేలు

బాబూ, నీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను. మావారు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ తీసుకుని మళ్లీ ఆయనే చదువుకున్నారు.

తెల్లకోటు

బెంచ్‌మీదవాడు చెప్పిన దానికి పరిశోధనలోనూ ఆధారం ఉంది. అమెరికాలో ఫుట్‌బాల్ ఆడే పిల్లల్నే "ఆటలో సరదా అంటే ఏంటి" అని అడిగి 81 అంశాలు రాబట్టారు. ప్రాముఖ్యం ప్రకారం వరసపెడితే గట్టిగా ప్రయత్నించడం, తోటివాళ్లతో మంచిగా ఉండటం, కోచ్ ప్రోత్సహించడం పైన నిలిచాయి. గెలవడం 48వ స్థానంలో ఉంది. గెలుపు వద్దని పిల్లలు అనలేదు. దానికంటే ముందు కావాల్సినవి నలభై ఏడు ఉన్నాయన్నారు.

పాతస్కోరర్

కోచ్‌ల విషయంలో పాత అధ్యయనం ఒకటి నాకు చాలా ఇష్టం. అమెరికాలో పిల్లలు ఆడే లిటిల్ లీగ్ బేస్‌బాల్ కోచ్‌లలో కొందరికి చిన్న శిక్షణ ఇచ్చారు. తప్పు చేసిన పిల్లాణ్ని తిట్టకుండా ముందు ధైర్యం చెప్పి, తర్వాత ఎలా చేయాలో చూపించడం, ప్రయత్నాన్ని మెచ్చుకోవడం, ఇంతే శిక్షణ. మరుసటి ఏడాది శిక్షణ లేని కోచ్‌ల దగ్గర నూటికి 26 మంది పిల్లలు మానేశారు. శిక్షణ పొందినవాళ్ల దగ్గర మానేసింది 5 మంది. గెలుపు ఓటముల్లో రెండు వర్గాలకూ తేడా లేదు.

అందుకే నేను సర్టిఫికెట్ల కంటే ఒక పని చేయమంటాను. చెప్పకుండా వెళ్లి ప్రాక్టీస్ చూడండి. మంచి షాట్ కొట్టినప్పుడు కోచ్ ఏమంటాడో పట్టించుకోవద్దు, అప్పుడు అందరూ చప్పట్లే కొడతారు. క్యాచ్ వదిలేసిన మరుక్షణం పిల్లాడు ఎటు చూస్తాడో గమనించండి. బంతి వైపు పరుగెడితే బాగున్నట్టు. భయంగా కోచ్ ముఖంలోకి చూస్తే మీకు కావాల్సిన సమాధానం దొరికినట్టే.

ఎర్రజెండా

"చెప్పకుండా వెళ్లి చూడండి" అన్న మాట కింద నేను ఎర్ర గీత గీస్తాను. చూడనివ్వని చోటికి పిల్లని పంపకండి. "తల్లిదండ్రులుంటే పిల్లల ఏకాగ్రత చెడుతుంది" అంటారు. దూరంగా కూర్చోబెట్టమనండి, పోనీ అద్దంలోంచి చూడనివ్వమనండి. అసలే వద్దంటే వద్దు.

ఇది మాట్లాడటం అందరికీ ఇబ్బందే, అయినా మాట్లాడాలి. అమెరికా జిమ్నాస్టిక్స్ టీమ్ డాక్టర్ లారీ నాసర్ కేసు గుర్తుందా? చికిత్స పేరుతో పిల్లల్ని లైంగికంగా వేధించినవాడు. 2018లో శిక్ష పడినప్పుడు 150 మందికి పైగా అమ్మాయిలు, ఆడవాళ్లు కోర్టులో గొంతు విప్పారు. అతనికి అంతకుముందు నేర చరిత్ర లేదు. పేరున్న యూనివర్సిటీలో ఉద్యోగం, ఒలింపిక్స్ హోదా. కొన్నిసార్లు తల్లి అదే గదిలో ఉండగానే ఆ పని చేశాడు. కొందరు పిల్లలు ఏళ్ల ముందే పెద్దవాళ్లకు చెప్పారు. విన్నవాళ్లు నమ్మలేదు. కాబట్టి "ఆయన అలాంటివాడు కాదు" అన్న మాటను భద్రత కింద లెక్కేయకండి. పోలీసు వెరిఫికేషన్ ఉండాలి, అది ఒక్కటే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు.

నేను అడిగేవి ఇవి. పిల్లతో ఒక పెద్దాయనో పెద్దావిడో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండే సందర్భం ఏదైనా ఉందా? ఫిజియో, మసాజ్ ఎవరి ఎదుట చేస్తారు? కోచ్ పిల్లకు విడిగా మెసేజ్‌లు పెడతారా, తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెడతారా? ఊరు దాటి టోర్నమెంట్‌కి వెళ్తే ఎవరి కార్లో, ఏ గదిలో? ఫిర్యాదు ఉంటే కోచ్‌కి కాకుండా ఎవరికి చెప్పాలి? చివరి ప్రశ్నకు తడుముకునే చోట్లు చాలా ఉంటాయి. ఇవి అడిగితే మంచి కోచ్‌లు నొచ్చుకోరు. ఈ నియమాలు వాళ్లనూ అపవాదుల నుంచి కాపాడతాయి.

పిల్లలకు మాత్రం ఒక్కటే చెప్తాను: "అమ్మకు చెప్పొద్దు అని ఎవరు ఏం చెప్పినా, ముందు అది అమ్మకే చెప్పాలి."

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఇక్కడ ఏ అకాడమీ పేరు గానీ, కోచ్ పేరు గానీ పెట్టి ఆరోపణలు చేయవద్దు. అలాంటి రెండు పోస్టులు తీసేశాం. మీ పిల్లకు నిజంగా ఏదైనా జరిగి ఉంటే ఇక్కడ రాయడం కంటే పోలీసులకు, పిల్లల హెల్ప్‌లైన్‌కు చెప్పడం ముఖ్యం.

దారిదీపం

పాప క్యాంపు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను క్యాంపులు నడిపే చోట చాలాకాలం పనిచేశాను.

మొదట మనుషుల లెక్క. అమెరికా క్యాంపుల సంఘం ప్రమాణం ప్రకారం, రాత్రి బస ఉన్న చోట 6 నుంచి 8 ఏళ్ల పిల్లలు ఆరుగురికి ఒకరు, 9 నుంచి 14 ఏళ్ల వాళ్లయితే ఎనిమిది మందికి ఒకరు ఉండాలి. క్యాంపు వాళ్లు ఇలాంటి లెక్క చెప్పగానే తృప్తి పడకండి. వంటవాళ్లు, ఆఫీసువాళ్లు, డ్రైవర్లు అందర్నీ కలిపి చెప్పే చోట్లు ఉన్నాయి. "రాత్రి రెండింటికి మా పాప లేచి ఏడిస్తే ఎవరు లేస్తారు, వాళ్లు ఎంత దూరంలో పడుకుంటారు" అని అడగండి. బాత్రూమ్ ఎంత దూరమో, చీకట్లో ఒక్కతే వెళ్లాలో అడగండి. తొమ్మిదేళ్ల పిల్ల క్యాంపులో భయపడేది కొండెక్కడానికి కాదు, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లడానికి. భయపడి సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, మర్నాడు ఎండలో కళ్లు తిరిగి పడిపోతారు. ఇది ఎన్నిసార్లు చూశానో.

ఇంటి బెంగ గురించి. అది రోగం కాదు, దాదాపు ప్రతి పిల్లకీ ఎంతో కొంత ఉంటుంది. 2007లో పీడియాట్రిక్స్ పత్రికలో డాక్టర్ల కోసం దీని మీద సలహాలు వచ్చాయి. అందులో నాకు బాగా పనికొచ్చింది ఒకటి: "నచ్చకపోతే ఫోన్ చెయ్, వెంటనే వచ్చి తీసుకెళ్లిపోతా" అని మాటివ్వకండి. వినడానికి ప్రేమగానే ఉంటుంది. పిల్లకు మాత్రం "నువ్వు ఉండలేవని అమ్మకు ముందే తెలుసు" అని వినిపిస్తుంది. మొదటి రోజు కాస్త దిగులు వేయగానే ఇక ఆ ఫోన్ తప్ప ఇంకేం గుర్తుండదు. దాని బదులు క్యాంపుకు ముందు ఒకటి రెండు రాత్రులు అమ్మమ్మ గారింట్లోనో పిన్ని ఇంట్లోనో మీరు లేకుండా పడుకోబెట్టండి. దిగులేస్తే ఏం చేస్తావో దాంతోనే మాట్లాడించండి. కాగితం, కవర్లు పెట్టి పంపండి. మీరు కూడా ఉత్తరం రాయండి, అందులో "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" లాంటివి రాయకండి తల్లీ.

అలాగని ఏడుస్తున్న పిల్లను పట్టుదలకు పోయి అక్కడే ఉంచమనను. తిండి, నిద్ర మానేసి రోజులు గడిచినా తేరుకోకపోతే తీసుకొచ్చేయాలి. ఆ కబురు మీకు ఎప్పుడు చేరుతుంది, ఎవరు చేస్తారు అన్నది ముందే అడగండి.

వానచినుకు

ఈత నేర్పుతాను. చెరువు, నది, పూల్ ఏదైనా సరే, "ఈత నేర్పేవాళ్లు ఉన్నారా" అని కాదు, "పైన కూర్చుని చూస్తూ ఉండేవాళ్లు విడిగా ఉన్నారా" అని అడగండి. నేర్పేవాడి కళ్లు ఎదురుగా ఉన్న పిల్ల మీద ఉంటాయి. వెనకాల ఇంకో పిల్ల మునుగుతుంటే కనిపించదు. సినిమాల్లోలా చేతులూపి కేకలు వేస్తారనుకుంటాం. మునిగే పిల్ల చప్పుడే చేయదు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇక అరవడం ఎక్కడ.

మొదటి రోజు ప్రతి పిల్లకూ ఈత పరీక్ష పెట్టాలి, ఫారంలో "వచ్చు" అని రాసినా సరే. పిల్లల్ని జతలుగా కట్టి మధ్యమధ్యలో ఈల వేసి, జత చేతులు పట్టుకుని పైకెత్తమని లెక్క చూసుకోవాలి. గాలి ఊదే చేతి పట్టీలను నమ్మే క్యాంపు అయితే పంపొద్దు.

నట్టూబోల్టూ

అందరూ మర్చిపోయేది: ఫుట్‌బాల్ గోల్ పోస్టులు. తీసి పక్కన పెట్టే రకం ఇనుప పోస్టులను నేలకు బిగించకుండా, బరువులూ వేయకుండా వదిలేస్తే అవి ముందుకు తూలి పడతాయి. పిల్లలు పట్టుకుని ఊగుతారు. ఇలా చనిపోయిన పిల్లలు ఉన్నారు. మీ బాబు గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు పోస్టును చేత్తో ఒకసారి ఊపి చూడండి. కదిలిందంటే ఇంకెవరికీ ఫోన్ చేయక్కర్లేదు, అక్కడే గొడవ పెట్టుకోండి.

చిటికెనవేలు

డాక్టర్ గారూ, తలకు దెబ్బ గురించి కూడా చెప్పండి. మా మేనల్లుడు ఫుట్‌బాల్‌లో ఇంకొకడి తలకు తల కొట్టుకుని పడ్డాడు. లేచి "బాగానే ఉన్నా" అన్నాడట, మళ్లీ ఆడించారు. స్పృహ తప్పలేదు కాబట్టి పర్వాలేదన్నారు.

తెల్లకోటు

కన్‌కషన్‌లో, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు అదిరినప్పుడు, ఎక్కువమందికి స్పృహ తప్పదు, అందుకే ఆ కొలత పనికిరాదు. తలనొప్పి, వికారం, మాట తడబడటం, స్కోరు ఎంతో గుర్తులేకపోవడం, వెలుతురు చిరాకు, ఊరికే ఏడుపు రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. పిల్లాడు "బాగానే ఉన్నా" అంటాడు. వాడికి ఆడాలని ఉంటుంది కాబట్టి ఆ మాటకు విలువ లేదు. అమెరికాలో 2006లో ఒక 13 ఏళ్ల కుర్రాడు తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ దిగి, మెదడులో రక్తస్రావమై ఏళ్లపాటు మంచం పట్టాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2009లో దాని మీద చట్టం వచ్చింది. అనుమానం ఉంటే అప్పుడే బయటికి, డాక్టర్ రాసిస్తేనే లోపలికి. 2014 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు ఉన్నాయి.

తర్వాత చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉండనిచ్చి, ఆపైన నడక, మెల్లగా పరుగు, ఆటకు సంబంధించిన కసరత్తు, ఇలా ఒక్కో మెట్టు కనీసం ఒక రోజు చొప్పున ఎక్కించాలి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవకపోయినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి.

చిన్న పిల్లలకు హెడ్డింగ్, అంటే బంతిని తలతో కొట్టే ప్రాక్టీసే వద్దని చాలాచోట్ల నియమం వచ్చింది. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ వయసు పిల్లలకు శిక్షణలో హెడ్డింగ్ లేదు.

ఎండ సంగతీ చెప్పేస్తాను. ఎండలో పరుగెత్తిన పిల్ల తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, పడిపోయినా అది ప్రాణాపాయమే. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూనే చల్లటి నీళ్ల తొట్టిలో దింపాలి, తల పైకి పట్టుకుని. తొట్టి లేకపోతే పైపుతో నీళ్లు పోస్తూ, ఐసు తువ్వాళ్లు మారుస్తూ ఉండాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. క్యాంపులో మొదటి వారమే పిల్లలకు ఎక్కువ ప్రమాదం. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి రోజే గంటల తరబడి పరుగెత్తించే క్యాంపు నాకు నచ్చదు.

గుంపులోగోవింద

గుండె ఆగిపోయే కేసులు ఈమధ్య ఎక్కువ వింటున్నాం. భయంగా ఉంది.

తెల్లకోటు

పిల్లల్లో అరుదు. అరుదైనా సిద్ధంగా ఉండొచ్చు. 2021లో యూరో కప్ మ్యాచ్‌లో క్రిస్టియన్ ఎరిక్సన్ కుప్పకూలినప్పుడు గ్రౌండ్‌లోనే సీపీఆర్ (ఛాతీ మీద నొక్కడం) చేసి, షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం వాడారు, బతికాడు. సీపీఆర్ కూడా చేయకపోతే, ఆ యంత్రం ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. కాబట్టి గ్రౌండ్‌లో ఏఈడీ ఉందా అని అడిగి ఊరుకోకండి. ఏ గదిలో ఉంది, తాళం ఎవరి దగ్గర, ఆదివారం ఆయన వస్తాడా అని అడగండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగిన చరిత్ర ఉన్నా, పిల్ల ఆడుతూ ఆడుతూ స్పృహ తప్పినా ముందు డాక్టర్‌కి చూపించాలి.

నీలిగొడుగు

ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదు. అందరికీ థాంక్స్. నిన్న రెండు చోట్లకీ ఫోన్ చేశాను.

క్యాంపు ఆవిడ దారిదీపం గారి రాత్రి రెండు గంటల ప్రశ్న వినగానే నవ్వి, "ఇది అడిగినవాళ్లు తక్కువ" అని గదుల ప్లాన్ పంపించారు. నీటి దగ్గర చూసేవాళ్లు విడిగా ఉన్నారు. ఏఈడీ మాత్రం లేదన్నారు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో చెప్పారు. దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. పాపను పోయిన శనివారం మా చెల్లి ఇంట్లో పడుకోబెట్టాం, నాకే నిద్ర పట్టలేదు.

అకాడమీ సార్ మొదట విసుక్కున్నారు. "బంతుల లెక్క ఎవరు రాస్తారమ్మా" అన్నారు. "మేం రాస్తాం, మీరు వారానికోసారి చూసి సంతకం పెట్టండి" అన్నాను. కాసేపు ఊరుకుని సరే అన్నారు. వారానికి నాలుగు రోజులు, ఫుట్‌బాల్ ఉంటుంది అని కూడా చెప్పేశాను. "అయితే సెలక్షన్స్‌లో వెనకబడితే నన్ను అనొద్దు" అన్నారు. మావారు ఇంకా అలిగే ఉన్నారు.

పాతస్కోరర్

సంతకం పెడతానన్న కోచ్ మంచివాడే. విసుక్కోవడం మా వృత్తిలో మామూలు. వార్మప్ సంగతి కూడా చూడండి. ఫిఫా వాళ్లు 7 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసం ఒక వార్మప్ తయారుచేశారు, ఒంటికాలి బ్యాలెన్స్, గెంతడం, పడటం ఎలాగో నేర్పడం. 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అది చేసిన పిల్లలకు దెబ్బలు దాదాపు సగం తగ్గాయి. పావుగంట, ఇరవై నిమిషాల పని. ఫుట్‌బాల్ వైపు అది ఉందో లేదో అడగండి.

దారిదీపం

మందులుంటే డబ్బా మీది లేబుల్‌తో సహా పంపండి, పొట్లం కట్టి కాదు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో కాదు, పిల్లతో ట్రెక్‌కి వెళ్లే పెద్దవాళ్ల సంచిలో ఉండాలి. అలర్జీ ఇంజెక్షన్ అయినా అంతే. ఉరుము వినిపించాక చివరి ఉరుము నుంచి అరగంట వరకు నీళ్లలోకి, మైదానంలోకి దించరు కదా అని కూడా అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో వాళ్లకు రాసిపెట్టుకున్న పద్ధతి ఉందో, అప్పటికప్పుడు చూసుకుందామనే రకమో తేలిపోతుంది.

మూడోమెట్టు

నా అభిప్రాయం మారలేదు. కష్టపడకుండా ఎవరూ పైకి రారు.

డాక్టర్ గారూ, వేరే విషయం. మా అమ్మాయికి పదకొండు. నెలరోజులుగా ప్రాక్టీస్ అయ్యాక మడమ వెనక నొప్పి అంటోంది, కుంటుతోంది. పొద్దున్నకి తగ్గిపోతుంది. వాపు లేదు. బూట్లు మార్చాం, తగ్గలేదు. ఇది ఓవర్‌ట్రైనింగా?

తెల్లకోటు

చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఆ వయసులో, ఆ తీరులో ఎక్కువగా కనిపించేది మడమ ఎముకలో ఎదిగే భాగం ఒరుసుకుపోవడం, సీవర్స్ అంటారు. మడమను రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే నొప్పి పుడుతుందా చూడండి. భయపడక్కర్లేదు, ఆ ఎముక కలిసిపోయాక దానంతట అదే పోతుంది, శాశ్వతంగా ఏమీ మిగలదు. అప్పటిదాకా గెంతడం, పరుగు తగ్గించాలి, మడమ కింద మెత్తటి కుషన్ పెట్టాలి, పిక్క కండరాలు రోజూ సాగదీయించాలి. ఆట పూర్తిగా మానక్కర్లేదు, కుంటకుండా ఎంత ఆడగలదో అంత. ఆరు రోజుల్లో మూడు రోజులు షటిల్ బదులు ఈతకి పంపి రెండు వారాలు చూడండి. రాత్రుళ్లు నొప్పికి లేస్తున్నా, జ్వరం వచ్చినా, వాపు కనిపించినా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

మూడోమెట్టు

నొక్కి చూశాను. నొప్పి అంది. టోర్నమెంట్ వచ్చే వారం ఉంది.

తెల్లకోటు

ఆడాలా వద్దా అన్నది ముందు అమ్మాయినే అడగండి. ఆడతానంటే టోర్నమెంట్ దాకా ప్రాక్టీస్ ఆపేయండి, ఆ రోజు కుంటడం మొదలైతే మధ్యలోనే దింపేస్తామని కోచ్‌కి ఇప్పుడే చెప్పి పెట్టండి.